పెంటమ్మ కొడుకు స్టాలిన్

2012 వేసవిలో మా ఊరి పంచాయతీ ఆఫీసులో ఆధార్ క్యాంపు పెట్టారు. మాది తెనాలి దగ్గర ఊరు. నాయనమ్మనీ పెదనాన్ననీ తీసుకెళ్లే పని నా మీద పడింది. గదిలో ఒకటే ఉక్క. ఉన్న ఒక్క ఫ్యానూ కంప్యూటర్ వైపు తిప్పి పెట్టారు, మనుషుల వైపు కాదు.

నాయనమ్మ వేలిముద్రలు ఎంతకీ పడలేదు. అరవై ఏళ్ల పాటు నారు పీకి, మిరపకాయల తొడిమలు తీసి, బూడిదతో అంట్లు తోమి ఆ గీతలన్నీ అరిగిపోయాయి. క్యాంపు కుర్రాడు తడిగుడ్డతో తుడిపించి, వేలి మీద వేలు పెట్టి నొక్కి, నాలుగోసారికి "పడిందమ్మా" అన్నాడు. తర్వాత పేరు దగ్గర ఆగాడు. ఓటరు కార్డు చూశాడు, ఆమె మొహం చూశాడు, నా వైపు వంగి గొంతు తగ్గించి, "పెంటమ్మేనా మేడమ్? వేరే పేరేమన్నా ఉంటే ఇప్పుడే రాయించుకోండి, తర్వాత కష్టం" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నాయనమ్మ అందుకుంది. "పెంటమ్మే. రాసెయ్ నాయనా."

తర్వాత పెదనాన్న కూర్చున్నాడు.

"పేరు సార్?"

"స్టాలిన్."

కుర్రాడు కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. "స్టాలిన్ అంటే... ఆ స్టాలినేనా?"

"ఆ స్టాలినే. మీసాలు లేవంతే." ఈ జవాబు పెదనాన్న ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటాడో ఆయనకే తెలీదు. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఒకాయన తన మేనమామ పేరు లెనిన్ అన్నాడు. ఇంకొకాయన పక్క ఊళ్లో గాంధీ, బోసు అన్నదమ్ములనీ, ఇద్దరికీ పొలం గట్టు దగ్గర పడదనీ చెప్పాడు. పని ఆగిపోయి పది నిమిషాలు పేర్ల కథలు నడిచాయి.

ఇంటికొచ్చే దారిలో నాకు ఒకటి గుచ్చుకుంది. ఒకే ఇంట్లో రెండు వింత పేర్లు. ఒకదాని కథ అడిగి మరీ విన్నారు. రెండోదాన్ని గొంతు తగ్గించి మార్చుకోమన్నారు.

చరిత్రకీ పేర్లకీ ఉన్న సంబంధం గురించి ఎవరు మాట్లాడినా స్టాలిన్, గాంధీ, ఝాన్సీ, సుభాష్ చంద్రబోస్ దగ్గరే తిరుగుతారు. నేను మాత్రం ఇన్నేళ్లుగా ఒకటే వాదిస్తున్నాను. మా ఇంట్లో చరిత్ర ఉన్న పేరు పెదనాన్నది కాదు, నాయనమ్మది. పెద్ద పేర్లలో ఉండేది చరిత్ర కాదు, ఆ వారం ఆ తండ్రికి ఉన్న ఆశ. అసలు చరిత్ర, ఎవరూ చరిత్ర అనుకోకుండా పెట్టిన పేర్లలో ఉంటుంది.

ముందు పెదనాన్న సంగతి చెప్పాలి, లేకపోతే ఆయన ఊరుకోడు.

స్టాలిన్ 1953 మార్చి 5న పోయాడు. పెదనాన్న ఆ నెలాఖర్లో పుట్టాడు. తాత పార్టీ మనిషి. అంతకు ముందు ఏడాది, 1952 ఎన్నికల్లో, మద్రాసు శాసనసభకి ఆంధ్ర జిల్లాల నుంచి 41 మంది కమ్యూనిస్టులు గెలిచారు. కృష్ణా, గుంటూరు పల్లెల్లో అప్పటి ఊపు ఎలా ఉండేదంటే, రేపో మాపో ప్రభుత్వం మనదే అని అరుగుల మీద మంత్రి పదవులు కూడా పంచేసుకున్నారట. 'విశాలాంధ్ర' పత్రిక మొదలైంది కూడా 1952లోనే. తాత దాన్ని పైకి చదివేవాడు, చదువు రాని పది మంది చుట్టూ చేరి వినేవారు. అలాంటి ఇంట్లో, అలాంటి నెలలో కొడుకు పుడితే ఇంకేం పేరు పెడతారు? తాత ఒక్కడే కాదు, అదే మార్చి ఒకటో తేదీన పుట్టిన కొడుక్కి మద్రాసులో కరుణానిధి కూడా ఈ పేరే పెట్టాడు. ఆ స్టాలిన్ ముఖ్యమంత్రి అయ్యాడు. మా స్టాలిన్ కో-ఆపరేటివ్ సొసైటీలో గుమాస్తాగా రిటైరయ్యాడు.

తర్వాత జరిగిందేమిటో చూడండి. 1955 ఎన్నికల్లో ఆంధ్ర రాష్ట్రంలో 196 సీట్లకి కమ్యూనిస్టులకి వచ్చినవి 15. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మాస్కోలో క్రుశ్చేవ్ లేచి స్టాలిన్ చేయించిన హత్యల చిట్టా విప్పాడు. 1961లో స్టాలిన్ శవాన్ని లెనిన్ సమాధి మందిరంలోంచి తీసి బయట పూడ్చారు. స్టాలిన్‌గ్రాడ్ పేరు వోల్గోగ్రాడ్ అయింది. పెదనాన్న అప్పటికి మూడో తరగతి. అంత పెద్ద దేశం అంత పెద్ద ఊరి పేరు మార్చుకుంది గానీ, మా తాత బడి రిజిస్టర్లో మూడు అక్షరాలు మార్చలేదు. (స్టాలిన్ని దుమ్మెత్తిపోసిన క్రుశ్చేవ్ సొంత పేరు నికితా. మన దగ్గర నికితలందరూ ఆడపిల్లలే. ఆయన్ని తలుచుకుని పెట్టినవాళ్లు ఒక్కరు కూడా ఉండరనుకోండి.)

ఆ పేరు మోయలేక వదిలేసినవాళ్లలో స్టాలిన్ కన్నకూతురు కూడా ఉంది. స్వెత్లానా 1957లో తండ్రి పేరు తీసేసి తల్లి ఇంటిపేరు అలిలుయేవా పెట్టుకుంది. 1966 డిసెంబరులో ఆమె మన దేశానికే వచ్చింది, తను ప్రేమించిన బ్రజేశ్ సింగ్ అస్థికలు పట్టుకుని, ఉత్తరప్రదేశ్‌లోని కాలాకాంకర్‌కి. మూడు నెలల తర్వాత ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయంలోకి నడిచి వెళ్లి ఆశ్రయం అడిగింది. అమెరికా వెళ్లి పెళ్లి చేసుకుని లానా పీటర్స్ అయ్యి, ఆ పేరుతోనే 2011లో పోయింది. ఆమె ఢిల్లీలో గేటు దాటుతున్న రోజుల్లో మా పెదనాన్న హైస్కూల్లో కబడ్డీ ఆడుతూ "స్టాలినూ, పట్టుకోరా" అనిపించుకుంటున్నాడు.

ఒకసారి అడిగేశాను. "అంత మందిని చంపినవాడి పేరు గదా పెదనాన్నా, ఇబ్బందిగా ఉండదా?" ఆయన కోపం తెచ్చుకోలేదు. కాస్త ఆలోచించి అన్నాడు: "మీ తాత పెట్టింది రష్యావోడి పేరు కాదమ్మా. ఈయన బుర్రలో ఒక స్టాలిన్ ఉన్నాడు. కూలోళ్లకి రెండు పూటలా తిండి పెట్టే స్టాలిన్. నాది వాడి పేరు."

నేను చెప్పేదీ అదే. ఆ పేరులో రష్యా చరిత్ర లేదు. 1953లో తెనాలి దగ్గర ఒక చిన్నరైతుకి ఏం కావాలని ఉండిందో అది ఉంది. అది చిన్న విషయమని అనను. కానీ అది కోరిక. జరిగింది వేరు.

ఈ మాటకి గట్టి ఎదురుదెబ్బ ఒకటుంది. గోరా గారి కుటుంబం. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోపరాజు రామచంద్రరావు పిల్లలకి దేవుళ్ల పేర్లు పెట్టనన్నాడు. మరి దేనిపేరు పెట్టాలి? ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. యుద్ధం ముంచుకొస్తున్న 1939లో పుట్టినవాడు సమరం. మొత్తం తొమ్మిది మందినీ వరసగా చదవండి: మనోరమ, లవణం, మైత్రి, విద్య, విజయం, సమరం, నియంత, మారు, నౌ. క్యాలెండర్లో పేజీలు తిప్పుతున్నట్టు ఉంటుంది. ఆఖరి బిడ్డకి వచ్చేసరికి ఆయన సంఘటనలు వెతకడం మానేసినట్టున్నాడు, తొమ్మిదో బిడ్డ కాబట్టి నౌ, అంటే హిందీలో తొమ్మిది.

తెలుగులో ఇంత తెలిసి, ఇంత పట్టుబట్టి చరిత్రని పేర్లలోకి దించినవాళ్లు ఇంకెవరూ నాకు తెలీదు. మరి ఆ పేర్లు ఆ సంఘటనల్ని మోశాయా? నాకు నమ్మకం లేదు. సమరం అనగానే నా తరంవాళ్లకి హిట్లరూ గుర్తురాడు, బాంబులూ గుర్తురావు. డాక్టర్ సమరం గారు గుర్తొస్తారు. ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్నలకి పత్రికల్లో ఆయన తాపీగా చెప్పిన సమాధానాలు గుర్తొస్తాయి. మేం ఆ పేజీని పెద్దవాళ్లు లేనప్పుడు చదివాం, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. లవణం అంటే వినోబా భూదాన యాత్రలో అనువాదకుడు, గుర్రం జాషువా అల్లుడు, హేమలతా లవణంతో కలిసి స్టూవర్టుపురంలో పనిచేసినాయన. దండి తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. తండ్రి పెట్టిన సంఘటనని కొడుకు తన బతుకుతో చెరిపేసి, ఆ చోట తన కథ రాసుకున్నాడు. పేరు పెట్టేది తండ్రి, అర్థం పెట్టేది మోసేవాడు.

ఇప్పుడు నాయనమ్మ దగ్గరికొస్తాను.

ఆమె ఏ తేదీన పుట్టిందో ఎవరికీ తెలీదు. ఆమెకి ముందు ముగ్గురు పోయారని మాత్రం తెలుసు. ఇద్దరు పురిట్లోనే, ఒకరు అమ్మవారు పోసి. నాలుగో కాన్పులో ఈమె పుట్టగానే మంత్రసాని పసిగుడ్డుని చేటలో పెట్టి తీసుకెళ్లి ఇంటి వెనక పెంటకుప్ప మీద అటూ ఇటూ దొర్లించింది. "ఇది మీ బిడ్డ కాదు, పెంట మీద దొరికింది, పెంచుకుంటారా?" అని అడిగింది. తల్లి పెంచుకుంటానంది. అంతే, పెంటమ్మ. ఎవరికీ అక్కర్లేక పారేసినదాని మీద మృత్యువు మాత్రం ఎందుకు కన్నేస్తుంది అని లెక్క.

ఇదేదో మా ఒక్క ఊరి పిచ్చి కాదు. ఉత్తరాంధ్రలో తవిటయ్యలు, తవిటమ్మలు, తవిటినాయుళ్లు కనిపిస్తారు. పుట్టిన బిడ్డని పిడికెడు తవుడుకి ఇంకొకరికి అమ్మేసినట్టు చేసి మళ్లీ తెచ్చుకునేవారు. ఎంగిలి విస్తరాకుల్లో దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. బిచ్చమెత్తి తెచ్చిన బియ్యం పేరు చెప్పి బిచ్చయ్య, బిచ్చమ్మ. మశూచి వదిలి వెళ్లినందుకు మొక్కుబడిగా పోలయ్య, పోలేరమ్మ. ఈ పేర్లు పెట్టినవాళ్లెవరూ చరిత్ర రాస్తున్నామనుకోలేదు. వాళ్లకి కావాల్సింది ఒక్కటే, ఈ బిడ్డన్నా నిలవాలి.

మా ఊరి బడిలో ఒకసారి పాత అడ్మిషన్ రిజిస్టర్ తిరగేశాను, ఎవరిదో పుట్టినతేదీ కోసం. యాభైల నాటి పేజీలు పసుపుపచ్చగా, చెద తిన్న అంచులతో ఉన్నాయి. పేజీకి ఒకరన్నా పెంటయ్య, పుల్లయ్య, పోలమ్మ. డెబ్బైల్లో పల్చబడ్డారు. ఎనభైల చివరికొచ్చేసరికి వెతికినా దొరకలేదు. ఎవరూ సభ పెట్టి తీర్మానం చేయలేదు, ఏ సంఘ సంస్కర్తా వచ్చి ఈ పేర్లు మానండని చెప్పలేదు. పిల్లలు చనిపోవడం తగ్గింది, పేర్లు వాటంతటవే పోయాయి. దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో. 1971లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 లెక్కల్లో ఆ సంఖ్య 28. ఇరవై ఎనిమిది కూడా తక్కువేం కాదు, కానీ మృత్యువుని మోసం చేయాల్సిన అవసరం తల్లులకి లేకుండా పోయింది.

గత నూరేళ్లలో తెలుగు ఇళ్లలో జరిగిన అతి పెద్ద సంఘటన ఏమిటని ఎవరన్నా అడిగితే నేను స్వాతంత్ర్యం అనను, రాష్ట్రాలు ఏర్పడటం అనను. పెంటయ్య అనే పేరు మాయం కావడం అంటాను. ఒక పేరు రావడంలోనే చరిత్ర ఉంటుందనుకోవడం వల్ల మనం దాన్ని చూడలేకపోతున్నాం.

ఇందులో ఆడా మగా తేడా కూడా ఉంది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ 108 నిమిషాల్లో భూమిని చుట్టి వచ్చాడు. ఆ ఏడాదే మా నాన్న పుట్టాడు. తాత గగారిన్ అని ఖాయం చేసేశాడు, పార్టీ ఆఫీసులో చెప్పేశాడు కూడా. నాయనమ్మ ఒక్క మాటంది: "మొదటోడికి నోరు తిరగని పేరు పెడితే ఊరుకున్నా. ఈడు కడుపులో ఉండగా నాకు జ్వరమొస్తే కొండకి మొక్కుకున్నా. ఈడు వెంకటేశ్వర్లే." తాత విప్లవం అక్కడ ఆగిపోయింది. మా నాన్న వెంకటేశ్వర్లు.

ఈ కథ మా ఇంట్లో నవ్వుకోవడానికి చెప్పుకుంటారు గానీ, నాకు ఇందులో రెండు చరిత్రలు కనిపిస్తాయి. మగవాళ్ల చరిత్ర పేపర్లో వచ్చింది, రష్యా నుంచి వచ్చింది. ఆడవాళ్ల చరిత్ర జ్వరంగా, మొక్కుగా, పురిటి గండంగా వచ్చింది. మనం మొదటిదాన్ని మాత్రమే 'చారిత్రక సంఘటన' అంటాం.

ఇక్కడ నన్ను నేనే కాస్త సరిదిద్దుకోవాలి. పెద్ద పేర్లు తండ్రుల సరదా అని తీసిపారేస్తే అన్యాయం అవుతుంది, ముఖ్యంగా ఊరి బయట ఉంచినవాళ్ల విషయంలో. పెద్ద కులాలవాళ్ల పిల్లల పేర్ల చివర గారు చేరుతుంటే, మాల మాదిగ పేటల్లో మనవలున్న పెద్దమనుషుల్ని కూడా -గాడు తగిలించి పిలిచిన కాలం ఎంతో వెనక్కి లేదు. అలాంటి చోట కొడుక్కి అంబేడ్కర్ అని పెట్టుకోవడం కోరిక ఒక్కటే కాదు, ఎదురు తిరగడం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు చూసిన తరం ఆ పేరు పెట్టుకుందంటే అది పేపర్ చదివి పెట్టిన పేరు కాదు. పిలిచేవాడు -గాడు అనడానికి జంకే పేరు కావాలి, అందుకని పెట్టారు. పెదనాన్న కూడా ఒకసారి అన్నాడు, స్టాలిన్ అంటే ఎవడికీ కులం అంతుపట్టదు, బస్సులో పక్కనోడు ఇంటిపేరు అడిగేదాకా టైం దొరుకుద్ది అని.

పైవాడి పేరు కిందివాడు పెట్టుకోవడం కొత్తేం కాదు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకి కలెక్టరుగా చేసిన థామస్ మన్రో మీద రాయలసీమ రైతులకి ఎంత అభిమానమంటే, పిల్లలకి మన్రోలప్ప అని పెట్టుకున్నారు. దొర పేరుకి ఒక అప్ప తగిలించి సొంతం చేసుకోవడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పన్ను వసూలు చేసేవాడి మీద ముచ్చట ఎందుకంటారా, అది వేరే గొడవ.

అయితే ఒంగోలు వైపు జరిగింది ఇంకా లోతైనది. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ కాంట్రాక్టుకి తీసుకుని కూలి పని చూపించాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. ఆ ప్రాంతంలో తర్వాతి తరాల ఏలీయాలు, యాకోబులు, కరుణమ్మలు, సువార్తమ్మల వెనక ఒక కరువుంది, ఒక కాలువుంది. కథ అక్కడితో అయిపోలేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్లని షెడ్యూల్డు కులాల జాబితాలోకి రానివ్వలేదు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చుకున్నారు గానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. దాంతో ఎన్నో ఇళ్లలో ఒక్కో మనిషికీ రెండు పేర్లు. సర్టిఫికెట్లో ఒకటి, చర్చిలో ఒకటి. మా క్లాసులో ఒకమ్మాయి హాజరు పట్టీలో లక్ష్మి. వాళ్ల ఇంటికెళ్తే వాళ్లమ్మ "కరుణా" అని పిలిచేది. ఎవరిని పిలుస్తోందా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఒక పిల్లని రెండు పేర్లుగా చీల్చిందని అప్పుడు నాకేం తెలుసు. ఈ చరిత్రకి బోసు బొమ్మ ఉండదు, వర్ధంతి ఉండదు.

మస్తానయ్య, పీరమ్మ, దస్తగిరి లాంటి పేర్లున్న హిందువుల ఇళ్ల గురించి ఇంకో పది పేజీలు రాయొచ్చు. దర్గాకి మొక్కుకుంటే పుట్టిన పిల్లలు. ఆ పేర్లు పెట్టడం ఎప్పుడు తగ్గిందో, ఎందుకు తగ్గిందో మీరే ఆలోచించుకోండి.

ఇంతకీ నా పేరు స్రవంతి. నా ఈడువాళ్లకి ఈ పేరు చెప్తే చాలు, పుట్టిన సంవత్సరం అటూ ఇటూగా చెప్పేస్తారు. స్రవంతి, శిరీష, లావణ్య, స్వాతి, మాధురి. మా క్లాసులో ఇద్దరు స్రవంతులు, ముగ్గురు శిరీషలు. మా అమ్మ వారపత్రిక సీరియల్లోంచి ఏరుకున్న పేరు ఇది. మేము సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలేసుకునేవాళ్లం, అమ్మ మాత్రం వంటింటి గడప మీద కూర్చుని సీరియల్ చదివేది. మా నాయనమ్మకి అక్షరం రాదు, కాబట్టి ఆమె చేతిలో ఉన్నది మొక్కు ఒక్కటే. మా అమ్మకి పదో తరగతి చదువుంది, కాబట్టి పత్రికలో హీరోయిన్ పేరు నచ్చితే అది కూతురికి పెట్టుకోగలిగింది. 1991 లెక్కల్లో కూడా ఆంధ్రప్రదేశ్‌లో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మందికి లోపే. ఆ లోపు ఉన్నవాళ్లలో మా అమ్మ ఒకతి. నా పేరు ఒక నదిదో పువ్వుదో అనిపిస్తుంది గానీ, నిజానికి అది ఆడవాళ్లకి చదువొచ్చిందని చెప్పే పేరు. మా అమ్మకి ఈ సంగతి చెప్తే "అంత లేదే, వినడానికి బాగుందని పెట్టా" అంటుంది. వినడానికి బాగుందని పెట్టే వీలు రావడం ఎంత పెద్ద సంగతో ఆమెకి అక్కర్లేదు.

తర్వాతి అంకం డల్లాస్. 2019లో మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. బారసాల దాకా ఆగే వీలు లేదట, ఆసుపత్రి నుంచి పంపించేలోపే పేరు రాసివ్వాలట. తమ్ముడూ మరదలూ ఆర్నెల్ల ముందే జాబితా వేసుకున్నారు. రూల్స్ ఇవీ: రెండు ముక్కల్లో అయిపోవాలి. ళ, ణ ఉండకూడదు. టీచరు మొదటి రోజే తప్పు లేకుండా పిలవగలగాలి. తెల్లవాళ్ల భాషలో బూతు అర్థం రాకూడదు. తాతముత్తాతల పేర్లు వద్దు, మరీ పాతగా ఉంటాయి. సంస్కృతంలా వినిపించాలి. విహాన్ తేలాడు. అర్థం అడిగితే "తెల్లవారుజాము అని ఉంది నెట్‌లో" అన్నాడు.

"మేం ఏ నాయకుడి పేరూ పెట్టలేదక్కా, న్యూట్రల్‌గా పెట్టాం" అని తమ్ముడు గొప్పగా చెప్పుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. మా వంశంలో చరిత్ర ఇంత గట్టిగా పట్టుకుని పెట్టించిన పేరు ఇంకోటి లేదు. 1990లో అమెరికా ఒక వలస చట్టం చేసింది. ఏటా 65,000 మందికి హెచ్-1బీ వీసాలంది. మన దగ్గర ఊరూరా ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి, అమీర్‌పేటలో కోచింగులు లేచాయి. తమ్ముడి పాస్‌పోర్టులో ఇంటిపేరూ సొంతపేరూ ఒకే గడిలో కలిసిపోయి, వీసా మీద సొంతపేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. పేరు తెలియదని దానర్థం. మొదటి ఏడాది ఆఫీసులో కొందరు వాణ్ని నిజంగానే 'ఫ్నూ' అని పిలిచారు. వెంకట సుబ్రహ్మణ్యం అని ఇరవై మూడేళ్లు బతికినవాడు అక్కడ ముందు ఫ్నూ, తర్వాత వెన్. అలాంటివాడు కొడుక్కి ళ, ణ లేని పేరు వెతికాడంటే అందులో న్యూట్రల్ ఏముంది? విహాన్, ఆర్యన్, రియాన్, అయాన్. ఇవి గాలిలోంచి ఊడిపడ్డ పేర్లు కావు. వీసా ఆఫీసు గడి కొలతలకి సరిపోయేలా కత్తిరించుకున్న పేర్లు. ఉప్పు సత్యాగ్రహం ఎంతమంది తెలుగు పిల్లల పేర్లు మార్చిందో గానీ, ఆ చట్టం మార్చినన్ని మార్చలేదని నేను పందెం కాస్తాను. ఇక్కడే ఉండిపోయినవాళ్లు కూడా ఇప్పుడు అవే పేర్లు పెడుతున్నారు. మా ఊరి అంగన్‌వాడీలో ఇద్దరు విహాన్‌లు ఉన్నారు.

వార్తల్లో వచ్చే పేర్ల గురించి ఒక్క ముక్క. 2019 మేలో ఫణి తుఫాను రోజు భువనేశ్వర్‌లో పుట్టిన పాపకి ఫణి అని పెట్టారు. 2020లో కరోనా పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు. 2025 మేలో ఉత్తరప్రదేశ్ కుశీనగర్‌లో 17 మంది ఆడపిల్లలకి, ఆపరేషన్ సిందూర్‌ని తలుచుకుని, సిందూర్ అని పెట్టారని చదివాం. ఫొటోలు వస్తాయి, రెండు రోజులు మాట్లాడుకుంటాం. ఆ పిల్లలు పెద్దయ్యాక మా పెదనాన్నలాగా ఏదో ఒక జోకు తయారు చేసుకుంటారు, అంతకన్నా నాకు బెంగ లేదు. కానీ 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. దివిసీమ అనే పేరుగల మనిషిని నేనింతవరకూ చూడలేదు. నిజంగా మీద పడినదాన్ని ఎవరూ బిడ్డ మీద రాసుకోరు. దూరంగా జరిగినదాన్నే రాసుకుంటారు, రష్యా అంత దూరంలో.

విహాన్ బారసాల మాత్రం మా ఊళ్లోనే చేశాం, బిడ్డ డల్లాస్‌లో ఉండగానే. వీడియో కాల్ పెట్టి, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి నిలబెట్టాం. అక్కడ అర్ధరాత్రి దాటింది, పిల్లాడు నిద్రపోతున్నాడు. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమని పెద్దవాడిగా పెదనాన్నకిచ్చాం. నలభై ఏళ్లు సొసైటీ లెడ్జర్లు రాసిన చెయ్యి, అక్షరాలు గుండ్రంగా ముత్యాల్లా పడతాయి. 'వి' రాసి, 'హా' రాసి, ఆగాడు. "తర్వాత పొల్లు నకారమేనా? అంతేనా పేరు?" అన్నాడు. అంతే అన్నాం. పళ్లెంలో సగం బియ్యం ఖాళీగా మిగిలింది. ఆయనకది నచ్చలేదు, పక్కన చిన్న పువ్వు బొమ్మ గీశాడు.

నాయనమ్మకి అప్పటికి చెవులు సరిగా వినపడటం లేదు. వసారాలో మంచం మీద పడుకునే, "ఏం పేరు పెట్టారే?" అని కేకేసింది.

"విహాన్, నాయనమ్మా."

"విమానమా?"

"విమానం కాదు. వి-హా-న్."

"సరేలే," అంది, అటు తిరిగి పడుకుంటూ. "వాళ్ల నాన్న పోయింది దాంట్లోనేగా."